జీవమ్మ జపాను వాచకం

మొగుడు ఈరన్న దినాలు ముగిసిన మర్నాడు జీవమ్మ ఎప్పటిలాగే కోడికూతకు లేచి వాకిలి ఊడ్చింది. పేడనీళ్ళు చల్లింది. సుద్దపొడి ఉన్న కొబ్బరిచిప్ప అందుకోబోతుంటే తోడికోడలు సిద్దమ్మ వచ్చి ఆ చిప్పను మెల్లగా తన చేతిలోకి తీసుకుంది.

"నేనేస్తాలే అక్కా."

సిద్దమ్మ ఆమె ముఖంలోకి చూడలేదు. మొగుడు లేని ఆడమనిషి వేసిన ముగ్గు ఇంటి ముందు ఉండకూడదు. ఆ మాట పైకి అనాల్సిన పని ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. జీవమ్మ గోడ పక్కకు జరిగి నిలబడింది. కొత్త చేతి చుక్కలు వంకర పోతున్నాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ వాకిలి తన చేతి కింద ఉండేది. ఆ పూటతో పోయింది. వేళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియలేదు. అవి చాలాసేపు పొడి కోసం ఒకదానితో ఒకటి రాసుకుంటూనే ఉన్నాయి.

కోడుమూరు నుంచి నడిచి వచ్చేంత దూరంలో, హంద్రీ ఒడ్డున ఉంది ఆ ఊరు. హంద్రీ పేరుకే నది. ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక. కరువులో పెట్టిన గంజి కేంద్రాలు ఎత్తేసి ఎన్నాళ్ళో కాలేదు. కర్నూలు రాజధాని అయిందనీ, అక్కడ కచేరీలు డేరాల్లో నడుస్తున్నాయనీ సంతకు పోయి వచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. ఊళ్ళో ఆ మాటకు పెద్ద విలువ లేదు. ఎవరు ఎక్కడ రాజ్యమేలినా కొర్రలు పండేది వాన పడితేనే.

ఈరన్న పెళ్ళయిన కొత్తలోనే పట్టాళంలో చేరి మలయాకు పోయాడు. సింగపూరులో జపానువాళ్ళకు చిక్కాడు. యుద్ధం అయిపోయాక ఒంట్లో దగ్గు, సంచిలో ఒక సొట్ట గ్లాసు, ఒక పుస్తకం పెట్టుకుని తిరిగొచ్చాడు. పుస్తకం పలచనిది. అక్కడి జనానికి తమ భాష నేర్పడానికి జపానువాళ్ళు అచ్చువేయించిన వాచకం. పెద్ద పెద్ద అక్షరాలు, వాటి కింద చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పక్కన బొమ్మలు.

"దీన్నెందుకు మోసుకొచ్చినావు?" అని జీవమ్మ ఒకసారి అడిగింది.

"వాళ్ళు అరిచిన మాటలు నా చెవుల్లో ఉండాయి," అన్నాడు ఈరన్న. "రాస్తే ఎట్లుంటాయో సూడల్లనిపించింది."

కొన్నాళ్ళు దాన్ని ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి పేజీల్లో అక్షరాల పక్కన పెన్సిలుతో ఏవో గీతలు గీశాడు. దగ్గు ముదిరింది. ఒకనాడు పుస్తకం మూసి గూట్లో పడేశాడు. "ఇది మన జన్మకు వచ్చేది కాదే" అన్నాడు. మన జన్మ అన్నాడు. జీవమ్మ ఆ పుస్తకాన్ని అప్పటిదాకా తెరిచి చూడనైనా లేదు. తననెందుకు కలిపాడో ఆమెకు అర్థం కాలేదు. ఆ మాట ఆమెకు చాలాకాలం ముల్లులా గుచ్చుకుంది.

ఆయన పోయాక బట్టలు చాకలికి ఇచ్చారు. గ్లాసు వంటింట్లోకి పోయింది. మరిది దేవేంద్రప్ప గూడు దులుపుతూ పుస్తకాన్ని పొయ్యి దగ్గరికి విసిరాడు. జీవమ్మ లేచి తీసుకుంది.

"ఏం చేసుకుంటావు వదినా దాన్ని?"

"సదువుతా."

దేవేంద్రప్ప నవ్వాడు. చెడ్డవాడు కాదు. నవ్వు వచ్చింది, నవ్వాడు. "తెలుగే మూడో తరగతి గదా నీది."

"ఊ. మూడో తరగతి."

జపాను అక్షరం కింద ఉన్నది ఇంగ్లీషు అక్షరం. జీవమ్మకు అదీ రాదు. కోడుమూరు సంతకు గుడ్లు తీసుకుపోయిన రోజున, ఇంగ్లీషు అక్షరాల పక్కన తెలుగులో పలుకూ అర్థమూ రాసిన పిల్లల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. ఇప్పుడు ఒక్కో అక్షరానికి రెండు ఏర్లు దాటాలి. జపాను ఒడ్డు నుంచి ఇంగ్లీషు ఒడ్డుకు, అక్కడి నుంచి తెలుగుకు. పొద్దున పొలానికి పోకముందు ఒక అక్షరం. మధ్యాహ్నం గట్టు మీద సంగటి తిని చెయ్యి కడుక్కున్నాక, అదే అక్షరం. దారిలో కాలి బొటనవేలితో దుమ్ములో అదే.

పోను పోను ఆమె ఒక సంగతి కనిపెట్టింది. మొదటి వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, కి, కు, కె, కొ. ఆ తర్వాత స, త, న, హ, మ, య, ర, వ. బడిలో తను పాడిన వరసే ఇది, కొంచెం సన్నబడి వచ్చింది. సముద్రాలు దాటి ఎక్కడో ఉన్న జనం కూడా అ దగ్గరే మొదలుపెట్టి య, ర, వ దగ్గరికే వస్తున్నారు. ఆమె ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చుంది. అయితే తెలుగులో క అన్నది గుడి పెట్టుకున్నా కొమ్ము పెట్టుకున్నా క అని గుర్తుపట్టవచ్చు. ఇక్కడ క, కి, కు ఒకరి ముఖం ఒకరికి తెలియని మనుషుల్లా ఉన్నాయి. అన్నిటినీ విడివిడిగా బతిమాలుకోవాలి.

త వరసలో ఆమె పొరబడింది. త తర్వాత తి రావాలి. పుస్తకంలో చి అని ఉంది. అచ్చువేసినవాడు తప్పు వేశాడనుకుంది. చాలాకాలం దాన్ని తి అనే చదివింది. ఒకనాడు కలుపు తీస్తుంటే, ఈరన్న చెప్పిన సంగతి జ్ఞాపకం వచ్చింది. అక్కడ పొద్దున్నే వరసలో నిలబెట్టి వాళ్ళ భాషలో లెక్క చెప్పమనేవాళ్ళట. ఒకటికి ఇచి. మరచిపోతే చెంప మీద కొట్టేవాళ్ళట. ఇచి. అంటే పుస్తకమే ఒప్పు. ఆమె అక్కడే కొడవలి పక్కన పెట్టి, తను తప్పు చదివినవన్నీ మనసులో మళ్ళీ ఒకసారి సరిగా చదివింది.

మొదట చదివిన మాట నీళ్ళు. మూడు వాలు గీతలు, మి. పక్కన చుక్కలు పెట్టిన ఇంకో అక్షరం, జు. మిజు. ఈరన్న నోట ఎన్నోసార్లు విన్న మాట. దాహం వేస్తే అడుక్కోవడానికి ఆయన నేర్చుకున్న మాట. ఇప్పుడు కాగితం మీద ఉంది. మిజు ఒ నొము. నీళ్ళు, ను, తాగు. మాటలు తెలుగులో ఏ వరసలో నిలబడతాయో ఆ వరసలోనే నిలబడ్డాయి. ఇంగ్లీషు పుస్తకంలో తాగడం ముందు వచ్చి నీళ్ళు తర్వాత వస్తాయి. అది ఆమెకు ఇప్పటికీ తలకిందులుగానే తోచేది. ఇది తన ఇంటి మాటలాగే నడిచింది.

పలక లేదు. సుద్ద ఉంది. వాకిట్లో వద్దన్నారు గాని పెరడు గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇంటి వెనక ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ఆరనిచ్చి, రోజుకొక అక్షరం వేసేది. వంకర తిరిగే ముగ్గు గీత కాదు ఇది. కొడవలి మొనల్లా, కొక్కేల్లా, తెగనరికినట్టుండే గీతలు. బొమ్మలాంటి అక్షరాలు కూడా వచ్చాయి. నాలుగు మళ్ళు, మధ్యలో గట్లు పెడితే పొలం. మూడు నిలువు పాయలు ఏరు. పైన మబ్బు పరిచి లోపల నాలుగు చినుకులు పెడితే వాన.

సిద్దమ్మ ఒకసారి చూసింది. "ముగ్గెయ్యకూడదు గదక్కా."

"ఇది ముగ్గు కాదు."

"మరి ఏంది?"

"సదువు."

సిద్దమ్మ వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయింది. ముగ్గు వేయకూడదని ఉంది గాని, చదువు వేయకూడదని ఎక్కడా లేదు.

ఊళ్ళో తెలిసింది. బావి దగ్గర ఆడవాళ్ళు ఆమెకు జపానమ్మ అని పేరు పెట్టారు.

"ఏమ్మే జపానమ్మా, మీ రాజు బాగుండాడా?"

"బాగుండాడు. నీ బిందె నిండింది, జరుగు."

పెద్దమనిషి తిమ్మయ్య కూడా రచ్చకట్ట మీద నుంచి పిలిచి అడిగాడు. ఊళ్ళో తగాదాలు తీర్చేది ఆయనే.

"జపాను యాడుందో తెలుసునా మే నీకు?"

"తెలీదప్పా."

"తెలీకుండా దాని అచ్చరాలెందుకు?"

"అచ్చరాలు ఈడనే ఉండాయి గదా," అని ఆమె నడిచిపోయింది. వెనక నవ్వారు. ఆ నవ్వు ఎవరిని చూసి వచ్చిందో తిమ్మయ్యకు బాగానే తెలిసింది.

పెరడు చాలకపోయింది. ఇంటి వెనక సందులో నేల చదునుగా ఉంటుంది. ఆ వేసవి దాటాక, వానల కోసం అందరూ ఎదురు చూస్తున్న రోజుల్లో, జీవమ్మ సందులో రాయడం మొదలుపెట్టింది.

వాన ఒకటి రెండు సార్లు పడి మొహం చాటేసింది. జొన్నపైరు మోకాలెత్తున ఆగిపోయింది. అట్లా ఎండకు గిడసబారిన జొన్న పశువు తింటే విషం. దాన్ని నాము తగలడం అంటారు. ఒకరోజు పొద్దున తిమ్మయ్య ఎద్దు కట్టు తెంచుకుని ఆయన జొన్నలోనే పడి మేసింది. సందు గుండా ఇంటికి మళ్ళి వస్తూ వస్తూ నురగలు కక్కి కూలిపోయింది. ఎవరైనా పరిగెత్తుకొచ్చేలోగా ప్రాణం పోయింది. దాని తల పడింది సరిగ్గా జీవమ్మ రాసిన అక్షరం మీద.

ఊరు మూగింది. నాము సంగతి అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కాని కట్టు సరిగా వేయనిది తిమ్మయ్య. అది చెప్పే నోరు ఎవరికీ లేదు. ఎవరో అన్నారు, "ఇదేదో మంత్రగాళ్ళు గీసే యంత్రం మాదిరుండాది" అని. ఆ మాటతో తిమ్మయ్యకు ఆసరా దొరికినట్టయింది.

పీర్ల చావిడి దగ్గర తాయెత్తులు రాసే దస్తగిరి సాయిబును పిలిపించారు. ఆయన అద్దాలు పెట్టుకుని, గొంతుక్కూర్చుని, అక్షరాన్ని నాలుగు వైపుల నుంచీ చూశాడు.

"అరబ్బీ కాదు. ఉర్దూ కాదు. నేను రాసేదాంట్లో ఇట్లాంటిది లేదు."

"అంటే నీ దానికంటే గట్టిదా సాయిబూ?" అన్నాడు ఒకడు.

"గట్టిదో మెత్తదో నాకేం తెలుసప్పా? రాసినామె ఈడనే ఉండాది, అడుగు." ఆయన జీవమ్మ వైపు తిరిగాడు. "ఏంది తల్లీ ఇది?"

"వాన," అంది జీవమ్మ.

"వానా?"

"పైన మోడం. లోపల చినుకులు."

దస్తగిరి సాయిబు మెడ ఎత్తి ఆకాశం చూశాడు. అక్కడ ఏమీ లేదు. "అయితే ఊరి చుట్టూ రాయి తల్లీ. పున్నెముంటాది."

కొందరు నవ్వారు. తిమ్మయ్య ముఖం నల్లబడింది. "సచ్చింది నీ ఎద్దు కాదులే సాయిబూ."

"నాము తగిలిన ఎద్దుకు నా తాయెత్తూ పనిచెయ్యదు, ఈమె వానా పనిచెయ్యదు తిమ్మయ్యప్పా," అని సాయిబు మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

ఆ మాట అందరి ముందూ అనకుండా ఉంటే, తిమ్మయ్య నాలుగు తిట్లతో వదిలేసేవాడేమో. అన్నాక ఇక వెనక్కి పోవడానికి ఆయనకు దారి లేకపోయింది. అదే రోజు రచ్చకట్ట మీద తీర్పు చెప్పాడు. వచ్చే మంగళవారం జీవమ్మ సుంకులమ్మ గుడి ముందు తడిగుడ్డలతో నిలబడి, ఈ గీతలు మానేస్తానని ఆన పెట్టాలి. పుస్తకాన్ని అక్కడే కాల్చాలి. కాదంటే ఆ ఇంటికి ఊళ్ళో నిప్పు లేదు, నీళ్ళు లేవు.

ఇంట్లో దేవేంద్రప్ప ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు. మెల్లగా అన్నాడు.

"ఎద్దు సంగతి నాకు తెలీదా వదినా? అయినా ఊళ్ళో బతకల్ల గదా మనం."

"నేనేం చేసినా?"

"ఏమీ చెయ్యలేదు. ఆ మాటే ఆడ చెప్పు. చెప్పి మానుకో. దేనికొస్తాది ఆ సదువు?"

"దేనికీ రాదు."

"మరి?"

"దేనికీ రానిది ఒకటి నాకుండనీ దేవేంద్రా."

దేవేంద్రప్ప తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. అత్త హులిగెమ్మ గోడకు ఆనుకుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. ముసలామె కొడుకు పోయినప్పటి నుంచి పనికి తప్ప నోరు విప్పేది కాదు.

"మా ఈరన్నకే రాలేదు గదే అది," అంది.

"ఆయనకు దగ్గు వచ్చిందత్తా. నాకు రాలేదు."

హులిగెమ్మ ఇంకో కాయ చిదిమింది.

సుంకులమ్మ దగ్గర తడిగుడ్డల ఆనకు ఒక పద్ధతి ఉంది. ఆన పెట్టే మనిషి బావిలో మునిగి, నీళ్ళు కారుతుండగానే వచ్చి అమ్మవారి ముందు నిలబడాలి. మాట్లాడుతున్నంతసేపు ఆ మనిషికి ఎవరూ అడ్డు చెప్పకూడదు. మాట ముగియగానే పూజారి గంట కొడతాడు. గంట మోగాక ఆ మాట అమ్మవారిది. పెట్టినవాళ్ళు తప్పకూడదు. తప్పించడానికి ఇంకొకరు చెయ్యి పెడితే కీడు ఆ చేతికే. తాగుడు మానతామని, గట్టు జరపలేదని, కోడి ఎత్తుకుపోలేదని ఎందరో అక్కడ నిలబడ్డారు. పెద్దలు చెప్పమన్న మాట చెప్పి, వణుక్కుంటూ ఇంటికి పోయారు.

జీవమ్మ ఆ రోజుల్లో కలుపు తీస్తూ దాని గురించే ఆలోచించింది. సోమవారం సాయంత్రం అత్త పక్కన కూర్చుని అడిగింది.

"ఆన పెట్టేటప్పుడు మాటలెవరివత్తా?"

"ఎవరివేంది? నిలబడినోళ్ళవి."

"పెద్దమనుషులవి కావా?"

హులిగెమ్మ చేతిలోని కాయ పక్కన పెట్టి కోడలి ముఖం చూసింది. చాలాకాలం తర్వాత చూసింది. "నీళ్ళు సల్లగుంటాయి," అంది. "మునిగేటప్పుడు ఊపిరి బిగబట్టు. లేకపోతే ఆడికొచ్చినాక మాట వణుకుతాది."

మంగళవారం గుడి ముందు ఊరంతా ఉంది. ఒక పక్క తుమ్మకట్టెలతో చిన్న మంట వేసి ఉంచారు, పుస్తకం కోసం. జీవమ్మ బావి నుంచి వచ్చింది. చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. పుస్తకం చేతిలో లేదు. పొడిగుడ్డలో చుట్టి అత్త ఒళ్ళో పెట్టింది. హులిగెమ్మ వేపచెట్టు కింద దాన్ని పట్టుకుని కూర్చుంది.

పూజారి గిడ్డయ్య పసుపునీళ్ళు చల్లి పక్కకు తొలిగాడు. తిమ్మయ్య తల ఊపాడు, కానిమ్మన్నట్టు.

"సుంకులమ్మా," అంది జీవమ్మ. మాట వణకలేదు. "నేను ఎవరికీ చెడు చెయ్యలేదు. చేసింటే నా కండ్లు పోనీ. నా మొగుడు తెచ్చిన పుస్తకాన్ని కడదాకా సదువుతా. దినమూ సదువుతా. జొరమొచ్చినా, పనున్నా, ఎవరు నవ్వినా సదువుతా. ఒక్క దినం మానినా నా కండ్లు పోనీ. నన్ను మానమన్నోళ్ళ సంగతి నేను చెప్పను. అది నీకే ఇడిసిపెడతాండా."

ఆమె చేతులు దించింది. గిడ్డయ్య గంట కొట్టాడు.

గంట చప్పుడు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆగాక తిమ్మయ్య ముందుకొచ్చాడు.

"మే, నేను చెప్పమన్నేదేంది, నువ్వు చెప్పిందేంది?"

"ఆన పెట్టమంటివి. పెట్టినా."

"మానతానని గదా పెట్టమంటి!"

"నోరు నాది గదప్పా."

తిమ్మయ్య పూజారి మీదికి తిరిగాడు. "నిన్నెవరు కొట్టమన్న్యారు గంట?"

"మాట అయిపోతే కొట్టేది నా పని," అన్నాడు గిడ్డయ్య. "మాటేందని తూకం వేసేది నా పని కాదు తిమ్మయ్యా. కొట్టేస్తి. ఇంక దాన్ని వెనక్కి తీసేదానికి నాకు రాదు, నీకూ రాదు."

జనం ఒకరి వెనక ఒకరు సర్దుకోవడం మొదలుపెట్టారు. పుస్తకం వైపు చెయ్యి చాచే మనిషి లేడు. ఎవరో ఆ మంటలో పుల్ల పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. జీవమ్మ వేపచెట్టు దగ్గరికి పోయింది. హులిగెమ్మ పుస్తకం చేతికిచ్చి, తన పైకొంగుతో కోడలి తల తుడిచింది. గట్టిగా, మేకపిల్లను తుడిచినట్టు తుడిచింది.

నిప్పూ నీళ్ళూ ఆగలేదు. ఆపడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. దేవేంద్రప్ప మాత్రం పొయ్యి వేరు చేశాడు. ఊరికీ వదినకూ మధ్య రోజూ నలగడం తనవల్ల కాదన్నాడు. పశువుల కొట్టం పక్కన వాలుగా దించిన చిన్న వారపాకు జీవమ్మది అయింది. హులిగెమ్మ తన కంచం కూడా ఎత్తుకుని అక్కడికే వచ్చేసింది. అడిగితే, "ఆడ గాలి బాగుండాది" అంది.

ఆ తర్వాతే జీవమ్మ ఎదురు చూడని సంగతి ఒకటి జరిగింది. ఆమె ఒక్కరోజు చదవకపోతే ఆన తప్పినట్టు. ఆన తప్పితే సుంకులమ్మ కోపం ఆమె కళ్ళతోనే ఆగుతుందని నమ్మకమేముంది? ఊరంతా ముందు నిలబడి విన్న ఆన అది. బావి దగ్గర నవ్విన ఆడవాళ్ళే ఇప్పుడు, "ఏమ్మే, ఈ పొద్దు సదివినావా?" అని అడిగేవాళ్ళు. వేరుశనగ పీకే రోజుల్లో మధ్యాహ్నం కాగానే, "పోయి సదువుకోపో, సాలు మేం సూసుకుంటాం" అని పంపేవాళ్ళు. చలిజ్వరంతో పడుకున్న రోజున తిమ్మయ్య ఇంటి నుంచి మనిషి వచ్చాడు, చదివిందో లేదో కనుక్కోవడానికి.

జీవమ్మకు ఒళ్ళు మండింది. ఎవరికీ అక్కరలేదు కాబట్టే అది తనది. ఇప్పుడు ఊరు దాన్ని కూడా దున్నడానికి వచ్చింది. జ్వరంలో పుస్తకం తెరిచి, గుడ్డిదీపంలా ఆడుతున్న అక్షరాల మీద వేలు పెట్టుకుంటూ చదివింది. మనిషికి మాత్రం జవాబు చెప్పలేదు.

కొన్నాళ్ళకు తిమ్మయ్యే వచ్చి వారపాకు ముందు నిలబడ్డాడు.

"సదువుతాండావో లేదో ఊరికి ఎట్ల తెలుస్తాది? పైకి సదువు. ఇంటాం."

"సదువుతానని ఆన పెట్టినా. నీకు ఇనిపిస్తానని పెట్టలా."

"మాకు నమ్మకం యాడిది?"

"సుంకులమ్మ నడుగుపో."

హులిగెమ్మ పాకలోంచి దగ్గింది. అది దగ్గో నవ్వో తిమ్మయ్య తేల్చుకోలేకపోయాడు. మళ్ళీ ఆ పని మీద రాలేదు.

కాలం పోయింది. కర్నూలు కచేరీలు డేరాలు పీక్కుని హైదరాబాదుకు పోయాయి. జీవమ్మ పుస్తకంలో పేజీలు మెల్లగా తిరిగాయి. బొమ్మలు తగ్గాయి, అక్షరాలు చిన్నవయ్యాయి. ఒక్కో పాఠానికి ఒక్కో పంటకారు పట్టింది. బొమ్మలో అరుగు మీద కూర్చున్న ముసలాయన ఉంటే ఆ మాటల్లో ఒకటి ముసలాయన అయి ఉండాలి. ముందు పాఠంలో వచ్చిన ఏరు ఇక్కడ ఇంకో గీతతో అంటుకుని ఉంటే అది ఏటికి సంబంధించినదేదో అయి ఉండాలి. అట్లా వాసన పట్టుకుంటూ నడిచింది. కొన్ని తప్పుగా పట్టుకుందనే అనుకోవాలి. తప్పు చెప్పడానికి ఆ తాలూకాలో మనిషి లేడు. ఒప్పని చెప్పడానికీ లేడు. తను పలికినట్టే వాళ్ళు పలుకుతారో లేదో ఆమెకు ఎన్నడూ తెలియలేదు. తెలియనందుకు ఆమె ఒక్కరోజు కూడా ఆగలేదు.

చివరి పాఠానికి బొమ్మ లేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు కూడా లేవు. పేజీలో ఎక్కువ బొమ్మలాంటి అక్షరాలే. వాటిలో కొన్ని పాతవి. చాలా కొత్తవి. వాటికి పలుకు ఏమిటో చెప్పేది ఏదీ లేదు. ఆమె తెలిసినవి పలికి, తెలియనివాటి మీద వేలు ఆపి, చివరి గీత దాకా పోయింది. ఆ కబురు సిద్దమ్మ నోటి నుంచి బావి దగ్గరికి, అక్కడి నుంచి రచ్చకట్టకు చేరింది. సాయంత్రానికి తిమ్మయ్య వచ్చాడు. ముసలివాడయ్యాడు, చేతికర్ర పట్టుకున్నాడు. ముఖంలో బరువు దిగినవాడి తేట ఉంది.

"కడదాకా సదివినావంట."

"కడ పేజీ దాకా పోయినా."

"అయితే ఆన తీరిపాయ. అమ్మవారికి టెంకాయ కొట్టి మానుకోవచ్చు ఇంక. నీకూ ఇడుపు, ఊరికీ ఇడుపు."

జీవమ్మ పుస్తకం తెరిచి చివరి పేజీ ఆయన ముందు పెట్టింది. ఆయనకు తెలుగు అక్షరాలూ రావు. అయినా వంగి చూశాడు.

"దీంట్లో ఏముండాదో నాకు తెలీదు," అంది జీవమ్మ.

"తెలీదా?"

"కొన్ని తెలుసు. ఇది మనిషి. ఇది కొండ. ఇది పోయేది. ఎవరు పోయినారో, యాడికి పోయినారో తెలీదు. కండ్లు పోయినాయి కడదాకా. నేను పోలేదు."

"ఆన పెట్టింది సదువుతాననే గదా మే. తెలుసుకుంటానని కాదు గదా."

తిమ్మయ్య చెప్పింది నిజమే. ఆన లెక్కన ఆమెకు విడుదల దొరికింది. కావాలంటే రేపు పొద్దున సుద్ద ముట్టకుండా పొలానికి పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. సుంకులమ్మ కూడా అనదు.

"ఆన తీరింది తిమ్మయ్యప్పా," అంది. "టెంకాయ నువ్వే కొట్టు. ఇంక ఎవరినీ పంపొద్దు, సదివినావా అని అడిగేదానికి."

"పంపను. నువ్వు మానినట్టే గదా?"

"లేదు. ఇప్పుడు నా అంతట నేను సదువుతా."

తిమ్మయ్య కర్ర ఊతగా నిలబడి ఆమెను చూశాడు. కోపం తెచ్చుకోవాలనుకున్నాడు గాని ఎందుకు తెచ్చుకోవాలో ఆయనకు తోచలేదు. హులిగెమ్మ లోపలి నుంచి, "పొద్దు గూకుతాండాది, ఎలుతురు ఉండంగనే కూర్చోవే," అని కేక వేసింది. జీవమ్మ చాప లాక్కుని వారపాకు అంచున కూర్చుంది. కొండ పక్కనున్న అక్షరం మీద వేలు పెట్టింది. ఆ రోజు అది లొంగలేదు.